రక్తపోటును మొదట కొలిచింది ఒక పాస్టరు గారు

నాలుగేళ్ళ కిందట ఒక ఆదివారం మా సంఘంలో ఒక సహోదరి సాక్ష్యం చెప్పింది. ఆమె ఏడేళ్ళుగా బీపీకి బిళ్ళలు వాడుతోంది. పక్క ఊళ్ళో స్వస్థత కూటములు జరిగితే మూడు రాత్రులూ వెళ్ళింది. ఆఖరి రాత్రి ప్రార్థన అయ్యాక బిళ్ళలు మానేసింది. మూడోనాడు బీపీ చూపించుకుంటే నార్మల్ వచ్చింది. ఆ చీటీ చేత్తో పట్టుకుని మైకు ముందుకొచ్చి, "ఇంట్లో ఉన్న బిళ్ళలన్నీ కాలువలో పారేశానయ్యగారండీ" అంది. సంఘమంతా చప్పట్లు కొట్టింది. మేము ఆమె పక్కనే నిలబడి ఉన్నాం. "దేవునికి స్తోత్రం" అన్నాం. ఇంకేమీ అనలేదు.

అనవలసింది. పదకొండు వారాల తర్వాత ఒక తెల్లవారుజామున ఆమె వాకిలి ఊడుస్తుంటే చేతిలో చీపురు జారిపోయింది. కోడలు పరుగెత్తుకొచ్చేసరికి మాట ముద్దయిపోయింది. కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి. ఆసుపత్రిలో చూసినప్పుడు బీపీ 210/120 ఉంది. మెదడులో ఒక సన్నని రక్తనాళం చిట్లిందన్నారు. మేము వెళ్ళేసరికి ఆమె మంచం మీద ఉండి మమ్మల్ని గుర్తుపట్టింది, కాని "వందనాలు" అనే మాట నోట రాలేదు. ఆ రోజు ప్రార్థన చేసి ఇంటికొచ్చాం గాని అన్నం సహించలేదు.

ఈ వ్యాసం ఆ ఆదివారం మైకు దగ్గర మేము మింగేసిన మాట. నాలుగేళ్ళు ఆలస్యంగా చెబుతున్నాం.

క్రైస్తవ ప్రసంగాల్లో రక్తానికి ఉన్న స్థానం మరి దేనికీ లేదు. శరీరానికి ప్రాణం రక్తంలోనే ఉందని మోషే ధర్మశాస్త్రం చెబుతుంది (లేవీ 17:11). రక్తం మీద మనకున్నన్ని పాటలు మరే విషయం మీదా లేవేమో. అయితే ఆ రక్తం పారే గొట్టాల గురించి ఏ పాస్టరూ ప్రసంగించగా మేము వినలేదు. మేమూ ప్రసంగించలేదు. సెమినరీలో హెబ్రీ నేర్చుకున్నాం, గ్రీకు నేర్చుకున్నాం. రక్తనాళాల సంగతి మాత్రం పదో తరగతి జీవశాస్త్రం దగ్గరే ఆగిపోయింది. ఆ సహోదరి మంచాన పడ్డాక మా సంఘ సభ్యుడే అయిన ఒక యువ డాక్టరును కూర్చోబెట్టి, పుస్తకాలు తెప్పించుకుని, యాభై ఏళ్ళు దాటాక మళ్ళీ పాఠం మొదలుపెట్టాం.

మాది కృష్ణా డెల్టా. కాలువల మధ్య పుట్టినవాడికి రక్తనాళాల సంగతి సగం ముందే తెలిసినట్టు. బ్యారేజీ దగ్గర ప్రధాన కాలువలోకి దిగిన నీరు బ్రాంచి కాలువల్లోకి, వాటినుంచి పిల్లకాలువల్లోకి, చివరికి చేను గట్టు పక్కన బోదెలోకి వస్తుంది. ఎక్కడికక్కడ తూములుంటాయి. తూము ఎత్తితే నీరు, దించితే లేదు. శరీరంలో గుండె దగ్గర బయలుదేరే ప్రధాన కాలువ బృహద్ధమని. పెద్దవారిలో దాని వెడల్పు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. దాన్నుంచి చేతులకు, మెదడుకు, మూత్రపిండాలకు, కాళ్ళకు ధమనులు చీలతాయి. అవి చీలి చీలి సూక్ష్మ ధమనులవుతాయి. ఈ సూక్ష్మ ధమనులే తూములు. వాటి గోడలో కండ చుట్టలుగా ఉంటుంది. ఆ కండ బిగిస్తే దారి సన్నమవుతుంది, వదిలితే వెడల్పవుతుంది. మనం అన్నం తినగానే పొట్టవైపు తూములు తెరుచుకుంటాయి. పరుగెత్తితే కాళ్ళవైపు తెరుచుకుంటాయి. చలికి వేళ్ళవైపు మూసుకుంటాయి. ఎవరూ వెళ్ళి తిప్పనక్కరలేదు. మా వైపు తూము దగ్గర రాత్రిళ్ళు జరిగే తగాదాలు చూసినవారికి ఇది ఎంత వింతో తెలుస్తుంది.

తూము దాటాక బోదె. దాన్ని కేశనాళిక అంటారు గాని వెంట్రుక దానికంటే ఎన్నో రెట్లు లావు. ఒక మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో ఐదు నుంచి పది భాగాలంత వెడల్పు ఉంటుంది. ఎర్ర రక్తకణం వెడల్పు ఏడెనిమిది భాగాలు. అంటే చాలాచోట్ల ఆ కణం ఒళ్ళు వంచుకుని, ఒకదాని వెనుక ఒకటిగా, ఇరుకు సందులో సైకిళ్ళలా వెళ్ళాలి. ఈ నాళం గోడ మందం ఒకే ఒక్క కణం. అంత పలచన ఎందుకంటే అసలు పని జరిగేది అక్కడే. ఆక్సిజను, చక్కెర బయటికి పోవాలి, బొగ్గుపులుసు వాయువు లోపలికి రావాలి. పెద్ద ధమనులు ఎంత బలమైనవైనా అవి దారులే. చేను తడిసేది బోదె దగ్గరే.

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. మనిషి రక్తనాళాలన్నీ వరసగా పేర్చితే లక్ష కిలోమీటర్లు వస్తాయని, భూమిని రెండున్నర సార్లు చుట్టి రావచ్చని మేము ఎన్ని ప్రసంగాల్లో చెప్పామో లెక్కలేదు. జనం "ఆహా" అనేవారు. ఆ అంకె పుట్టింది డెన్మార్క్ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రోగ్ వేసిన అంచనాలో. ఆయన కేశనాళికల మీద చేసిన పనికి 1920లో నోబెల్ బహుమతి పొందిన గొప్పవాడే. కాని ఆ అంచనాకు ఆయన తీసుకున్నది యాభై కిలోల కండ ఉన్న మనిషిని. అంత కండ మా సంఘంలో ఎవరికీ లేదు. ఇటీవల మళ్ళీ లెక్క కట్టినవారు అసలు పొడవు అందులో చాలా చిన్న భాగమేనంటున్నారు. పెద్ద అంకె చెబితే దేవుని మహిమ పెరుగుతుందని అనుకున్నాం కాబోలు. ఒక కణం మందాన గోడ కట్టి అది బతికినంతకాలం కారిపోకుండా నిలిపినవానికి మా అతిశయోక్తి అవసరం లేదు.

కాలువల పోలిక ఒకచోట తెగిపోతుంది. చేలోకి వెళ్ళిన నీరు చేలోనే ఇంకుతుంది. రెండో శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్ రక్తం కూడా అలాగే అనుకున్నాడు. కాలేయం తిండినుంచి రక్తాన్ని తయారు చేస్తుంది, అది అవయవాలకు పారి అక్కడే ఖర్చయిపోతుంది, మళ్ళీ కొత్తది తయారవుతుంది అన్నాడు. ఆ మాట దాదాపు పద్నాలుగు వందల ఏళ్ళు నిలిచింది. ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే 1628లో ఒక చిన్న లాటిన్ పుస్తకంలో దాన్ని పడగొట్టాడు. ఆయన ఆయుధాల్లో ఒకటి చిన్నపిల్లలు చేసే గుణకారం. గుండె ఒక్కసారి కొట్టుకుంటే ఎంత రక్తం బయటికి వెళుతుంది, అరగంటలో ఎన్నిసార్లు కొట్టుకుంటుంది? ఎంత తక్కువగా వేసుకున్నా ఆ మొత్తం శరీరంలో ఉన్న రక్తం కంటే ఎక్కువ వచ్చింది. ఈనాటి అంకెలతో చూస్తే, కూర్చుని ఉన్న మనిషి గుండె ఒక్కో దెబ్బకు సుమారు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి ఐదు లీటర్ల దాకా పంపుతుంది. రోజుకు ఏడు వేల లీటర్ల పైమాటే. ఎంత తిన్నా రోజుకు ఏడు వేల లీటర్ల రక్తం తయారవుతుందా? కాదు గనుక వెళ్ళిన రక్తమే తిరిగి వస్తోంది అన్నాడు.

ధమని చివరనుంచి రక్తం సిరలోకి ఎలా చేరుతుందో హార్వే చూడలేకపోయాడు. కంటికి కనబడని సన్నని దారులు ఉండి తీరాలని మాత్రం నమ్మాడు. ఆయన 1657లో చనిపోయాడు. మరో నాలుగేళ్ళకు, 1661లో, ఇటలీలో మార్సెల్లో మాల్పీగి సూక్ష్మదర్శిని కింద కప్ప ఊపిరితిత్తిలో ఆ దారులను చూశాడు. చూడనివాటిని నమ్మడం గురించి మేము హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయం నుంచి చాలా చెబుతుంటాం. హార్వే కూడా చూడనిదాన్నే నమ్మాడు, కాని లెక్క కట్టి నమ్మాడు. ఈ తేడా దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాం.

తిరుగుదారి సిరలది. ధమనులు మంచి రక్తాన్ని, సిరలు చెడు రక్తాన్ని మోస్తాయని చాలామంది చెబుతారు. అది పూర్తిగా నిజం కాదు. గుండె నుంచి బయటికి తీసుకెళ్ళేది ధమని, గుండెకు తెచ్చేది సిర, అంతే. గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్ళేది ధమనే, దానిలో ఉండేది ఆక్సిజను తరిగిన రక్తమే. సిరల గోడ పలచన. ఏ క్షణంలో చూసినా మన రక్తంలో సుమారు మూడింట రెండు వంతులు వాటిలోనే నెమ్మదిగా నడుస్తూ ఉంటుంది. కాళ్ళ సిరల్లో కిందికి జారిపోకుండా చిన్న చిన్న కవాటాలుంటాయి. పిక్క కండ నొక్కినప్పుడల్లా రక్తం ఒక మెట్టు ఎక్కుతుంది. రోజంతా నిలబడి పనిచేసే టీచర్లకు, కానిస్టేబుళ్ళకు, హోటల్లో వడ్డించే కుర్రాళ్ళకు పిక్కల మీద నరాలు పాముల్లా ఉబ్బడం చూస్తుంటాం. అవి నరాలు కావు, కవాటాలు పాడైన సిరలు.

ఊపిరితిత్తుల మీదుగా రక్తం తిరిగే సంగతి హార్వే కంటే ముందే కొందరికి తెలుసు. పదమూడో శతాబ్దంలో ఇబ్న్ అల్ నఫీస్ అనే అరబ్బు వైద్యుడు రాశాడు. ఐరోపాలో దాన్ని మొదట అచ్చులో పెట్టింది మైఖేల్ సెర్వేటస్. ఆ పేరు మేము సెమినరీలో సంఘ చరిత్ర పాఠంలోనే చదివాం, త్రిత్వాన్ని కాదన్న దుర్బోధకుడుగా. ఆయన రక్తం గురించి రాసింది కూడా వేదాంత గ్రంథంలోనేనని మాకెవరూ చెప్పలేదు. ప్రాణం రక్తంలో ఉందంటే ఆ రక్తంలోకి ఊపిరి ఎక్కడ చేరుతుందని వెదుకుతూ ఊపిరితిత్తుల దాకా వెళ్ళాడు. 1553 అక్టోబరు 27న జెనీవాలో ఆయన్ను సజీవంగా తగలబెట్టారు. రక్తం గురించి రాసినందుకు కాదు, త్రిత్వాన్ని, శిశు బాప్తిస్మాన్ని నిరాకరించినందుకు. ఆయన పుస్తకం ప్రతులనూ కాల్చారు. మూడే మిగిలాయి. ఆయన సిద్ధాంతాన్ని మేమూ ఒప్పుకోం. కాని ఆ మంట వెనుక జాన్ కాల్విన్ ఉన్నాడు, మేము కాల్విన్ పుస్తకాలు చదివి పాస్టరైనవాళ్ళం. ఆ మంటను సమర్థించే మాట మా దగ్గర లేదు. 1903లో కాల్విన్ అనుచరులే ఆ చోట పశ్చాత్తాప స్తంభం నాటారు. అది జరగడానికి మూడువందల యాభై ఏళ్ళు పట్టింది.

ఇక అసలు సంగతి. రక్తపోటును మొదట కొలిచిందెవరు? ఒక పాస్టరు గారు. పేరు స్టీఫెన్ హేల్స్. లండన్ దగ్గర టెడ్డింగ్టన్ అనే ఊళ్ళో 1709 నుంచి 1761లో చనిపోయేదాకా సంఘాన్ని కాచాడు. ఆదివారాలు ప్రసంగం, మిగతా రోజుల్లో కొలతలు. చెట్లలో రసం ఎంత బలంతో పైకెక్కుతుందో కొలిచాడు. ఓడల్లో, జైళ్ళలో గాలి ఆడక జనం చచ్చిపోతుంటే గాలి తోడే యంత్రాలు చేశాడు. ఒకసారి ఎలాగూ చంపెయ్యాలనుకున్న ఒక ఆడగుర్రాన్ని పడుకోబెట్టి కట్టి, దాని తొడ ధమనిలో ఇత్తడి గొట్టం దూర్చి, దానికి తొమ్మిది అడుగుల గాజు గొట్టం నిలువుగా అమర్చాడు. రక్తం గుండె మట్టం నుంచి 8 అడుగుల 3 అంగుళాలు పైకెక్కి, గుండె కొట్టుకున్నప్పుడల్లా కాస్త పైకీ కిందికీ ఊగింది. ఆ అంకెలు 1733లో అచ్చయ్యాయి. జంతువులను బతికుండగా కోయడం చూసి పొరుగునే ఉన్న కవి అలెగ్జాండర్ పోప్ బాధపడ్డాడు. మాకూ ఆ గుర్రాన్ని తలచుకుంటే మనసు ఒప్పదు. అయినా ఆ పని చేసింది నాస్తికుడు కాడు. సృష్టికర్త పనిని కొలత, తూకం వేసి చూడటం కూడా ఆయన్ను ఘనపరచడమేనని హేల్స్ నమ్మాడు.

ఇప్పుడు గుర్రం లేదు, గాజు గొట్టం లేదు. 1896లో ఇటలీలో రీవా రోచి జబ్బకు చుట్టే గాలి పట్టీని కనిపెట్టాడు. 1905లో రష్యాలో కొరొట్కోవ్ అనే డాక్టరు ఆ పట్టీ కింద ధమని మీద స్టెతస్కోపు పెట్టి వినే పద్ధతి చెప్పాడు. మీ చేతికి చుట్టి, గాలి కొట్టి, నెమ్మదిగా వదిలినప్పుడు మొదట వినబడే చప్పుడు పై అంకె, చప్పుడు ఆగిపోయినచోట కింది అంకె. గుండె బిగిసి రక్తాన్ని నెట్టినప్పటి ఒత్తిడి పై అంకె. రెండు దెబ్బల మధ్య గుండె సేదదీరుతున్నప్పుడు నాళాల్లో మిగిలి ఉండే ఒత్తిడి కింది అంకె. గుండె విశ్రాంతి తీసుకుంటుంటే ఒత్తిడి ఎందుకు సున్నాకు పడిపోదు? ఎందుకంటే బృహద్ధమని గోడ రబ్బరులా సాగుతుంది. గుండె నెట్టినప్పుడు ఉబ్బి, కొంత రక్తాన్ని తన కడుపులో దాచుకుని, గుండె ఆగిన క్షణంలో ముడుచుకుని ముందుకు తోస్తుంది. దీన్ని కూడా హేల్స్ గారే గమనించి, ఆ కాలపు మంటలార్పే యంత్రంలోని గాలి గదితో పోల్చాడు. వయసు పెరిగేకొద్దీ ఆ సాగుడు తగ్గుతుంది. ముసలివారిలో పై అంకె పెరగడానికి అదొక కారణం.

ధమని గోడకు మూడు పొరలు. పైన గట్టి నారల పొర. మధ్యలో కండ, సాగే నార. లోపల రక్తానికి తగిలే చోట ఒకే ఒక్క కణం మందాన నున్నని పొర. చాలాకాలం ఈ లోపలి పొరను గోడకు అంటించిన కాగితంలాగే చూశారు. 1980లో అమెరికాలో రాబర్ట్ ఫర్చ్‌గాట్ ఒక వింత గమనించాడు. కుందేలు ధమని ముక్కకు ఒక మందు వేస్తే వదులు కావాలి, అలా కాకుండా బిగుసుకుంటోంది. ముక్కను సిద్ధం చేసేటప్పుడు లోపలి పొర చెరిగిపోవడమే కారణమని తేలింది. పొర చెదరకుండా ఉంచితే ధమని వదులైంది. అంటే ఆ పలచని పొరే కండకు "వదులవు" అని కబురు పంపుతోంది. ఆ కబురు మోసేది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు. ఈ పరిశోధనకు 1998లో ఫర్చ్‌గాట్‌తో పాటు ఇగ్నారో, మురాడ్ అనే మరి ఇద్దరికి నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు మా సహోదరి దగ్గరికి రండి. పోటు ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే ఈ లోపలి పొర దెబ్బతింటుంది. అది పంపే కబురు బలహీనమవుతుంది. దెబ్బతిన్నచోట కొవ్వు చేరి గట్టిపడుతుంది. సూక్ష్మ ధమనుల కండ ఒత్తిడికి తట్టుకోవాలని లావెక్కుతుంది, లావెక్కేకొద్దీ దారి ఇరుకవుతుంది, ఇరుకయ్యేకొద్దీ పోటు ఇంకా పెరుగుతుంది. చివరికి మెదడులోనో మూత్రపిండంలోనో ఒకటి పూడుకుపోతుంది లేదా చిట్లుతుంది. ఇదంతా జరుగుతున్నప్పుడు మనిషికి ఏమీ తెలియదు. తలనొప్పి వస్తే బీపీ అని, లేకపోతే లేదని అనుకుంటారు. బీపీ ఉన్నవారిలో ఎక్కువమందికి ఏ నొప్పీ ఉండదు. కాలువ గట్టుకు లోపల గండి పడుతుంటే పైన గడ్డి పచ్చగానే ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఒక నివేదిక ఇచ్చింది. అధిక రక్తపోటు ఉన్న ప్రతి ఐదుగురిలో నలుగురికి సరైన చికిత్స అందడం లేదని అందులో ఉంది. కొందరికి తమకు ఉన్నట్టే తెలియదు. కొందరికి మందు దొరకదు. మా అనుభవంలో మూడో రకం ఎక్కువ. "బిళ్ళ వేసుకుంటే నార్మల్ వచ్చింది, ఇక తగ్గిపోయింది కదా" అని మానేసేవారు.

ఆ సహోదరి చీటీలో మూడోనాడు నార్మల్ ఎలా వచ్చింది? ఈ ప్రశ్న మమ్మల్ని చాలాకాలం వేధించింది. మా డాక్టరు తమ్ముడు వివరించాడు. ఆమె వాడింది ఆమ్లోడిపిన్. సూక్ష్మ ధమనుల కండలోకి కాల్షియం చొరబడకుండా అడ్డుకుంటుంది. కాల్షియం లేకపోతే కండ బిగుసుకోలేదు, తూము తెరిచే ఉంటుంది. ఈ బిళ్ళ శరీరంలోంచి సగం పోవడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. మానేసిన మూడోనాడు కూడా అది పనిచేస్తూనే ఉంది. చీటీలో ఉన్న నార్మల్ ఆ బిళ్ళదే. రెండు వారాలాగి చూపించుకుని ఉంటే అంకె వేరుగా ఉండేది. ఈ సంగతి విన్నప్పుడు మేము తల దించుకున్నాం. ఆ రోజు మేము ఏ అద్భుతానికి స్తోత్రం చెప్పాం?

స్వస్థత కోసం ప్రార్థించేవారిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. మేమూ ప్రతి బుధవారం రోగుల తల మీద చేతులుంచి ప్రార్థిస్తాం. దేవుడు బాగుచేస్తాడని నమ్ముతాం. కాని వేదిక మీద నిలబడి "బిళ్ళలు పారెయ్యండి, అప్పుడే మీ విశ్వాసం నిజమైనది" అని చెప్పేవారున్నారు. వారికి ఆ మాట చెప్పే అధికారం ఎవరూ ఇవ్వలేదు. కూటములు ముగించుకుని వాళ్ళు మరో ఊరు వెళ్ళిపోతారు. పదకొండు వారాల తర్వాత వాకిట్లో కూలిపోయినదాన్ని ఎత్తుకునేది కోడలు. అలా చెప్పనివారు, విని ఊరుకునేవారు, మా వంటివారు, అందులో సగం భాగస్థులే.

హిజ్కియా రాజు సంగతి అందరికీ తెలుసు. మరణకరమైన రోగం వచ్చింది, గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థించాడు. యెషయా నడిమి ముంగిలి దాటకముందే దేవుడు అతన్ని వెనక్కి పంపి, మూడోనాటికి బాగవుతావని, పదిహేనేళ్ళ ఆయుష్షు కలిపానని చెప్పించాడు. వాగ్దానం చేతికొచ్చేసింది. అయినా యెషయా ఏం చేయించాడు? అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టించాడు (2 రాజులు 20:7). ప్రవక్తకు విశ్వాసం తక్కువైందని ఏ వ్యాఖ్యాతా అనలేదు. పౌలుతో కలిసి తిరిగిన లూకా వైద్యుడు (కొలస్సీ 4:14). ఇవి మేము కొత్తగా కనుక్కున్నవి కావు. ప్రతి పాస్టరూ చదివినవే. చదివి దాటిపోతున్నాం.

ఇంకొకటి కూడా చెప్పాలి. తమ బీపీ ఎంతో తెలియని పాస్టర్లు మాకు చాలామంది తెలుసు. రాత్రి పన్నెండు దాకా కూటములు, పొద్దున్నే బాప్తిస్మాలు, మధ్యాహ్నం ఎవరింట్లోనో విందు, ఎండుచేపలు, ఊరగాయ, పైన అప్పడం. ఉప్పు రోజుకు ఐదు గ్రాములు దాటకూడదంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అది ఒక చిన్న చెంచా. ప్రేమవిందు ఒక్కటే దానికి సరిపోతుంది. పెద్ద ధమనుల గోడలకు రక్తం అందించడానికి వాటి పైపొరలోనే వేరే చిన్న నాళాలుంటాయట. లీటర్ల కొద్దీ రక్తం తన లోపలినుంచి పారుతున్నా ఆ గోడ వెలుపలి భాగానికి అది అందదు. ఆ మాట చదివినప్పుడు మాకు మా కాపరులే గుర్తొచ్చారు.

మూడేళ్ళుగా మా సంఘంలో నెలకు మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక వరండాలో ఒక బల్ల వేస్తున్నాం. రిటైరైన ఒక నర్సమ్మ కూర్చుని బీపీ చూస్తుంది, నోటు పుస్తకంలో రాస్తుంది. 140/90 దాటితే మరో రోజు మళ్ళీ చూపించుకోమంటుంది. అప్పుడూ ఎక్కువే ఉంటే ప్రభుత్వ ఆసుపత్రికి పంపుతుంది. అక్కడ బిళ్ళలు ఉచితం. ఎవరికీ బోధ చెయ్యదు. మొదట్లో నలుగురైదుగురు వచ్చేవారు. "పాస్టరు గారికి విశ్వాసం తగ్గింది" అని గేటు దగ్గర గొణిగినవారూ ఉన్నారు. వారిలో ఒకాయన ఇప్పుడు బల్ల మోసుకొచ్చి వేస్తున్నాడు.

మొదటి రోజు పట్టీ కట్టించుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. చేతికర్ర పట్టుకుని ఆ సహోదరే వచ్చి కుర్చీలో కూర్చుంది. కుడిచెయ్యి లేవదు గనుక ఎడమచెయ్యి చాపింది. మాట ఇంకా ముద్దగానే వస్తుంది. తన అంకె రాయించుకున్నాక లేచి, కుర్చీ మావైపు జరిపి, "మీరు కూర్చోండి, అయ్యగారండీ" అంది. కూర్చున్నాం. నర్సమ్మ రెండుసార్లు గాలి కొట్టి, మా మొహం చూసి, పుస్తకంలో 158/96 అని రాసింది.